తిమింగలాల లెక్క తప్పింది సరే, దాన్ని సరిచేయడానికి డబ్బెవరు పెట్టారు?

1977 జూన్‌లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో తిమింగలాల వేటకి హద్దులు పెట్టే దేశాల సంఘం, ఇంటర్నేషనల్ వేలింగ్ కమిషన్, మీటింగ్ జరిగింది. అలాస్కా ఉత్తర తీరంలో ఉండే ఇనుపియాట్ మూలవాసులు ఇకమీదట ఒక్క బోహెడ్ తిమింగలాన్ని కూడా వేటాడకూడదని అక్కడ తేల్చేశారు. కోటా సున్నా. వందల ఏళ్ళుగా ఆ వేట మీదే బతికిన ఊళ్ళకి అంతకుముందు ఎవరూ కోటా పెట్టింది లేదు, ఈ కమిషన్ ఒకటి ఉందని కూడా అక్కడ చాలామందికి సరిగ్గా తెలీదు, ఎక్కడో భూగోళం అవతలి వైపు జరిగిన మీటింగ్‌లో తమ తిండి గురించి తీర్మానం అయిపోయిందని తర్వాత కబురు వచ్చింది.

ఈ కథ ఇప్పుడు చాలా చోట్ల చెప్తారు, యూనివర్సిటీ క్లాసుల్లో కూడా చెప్తారు. మామూలుగా చెప్పే వెర్షన్ ఏంటంటే, సైంటిస్టులు తిమింగలాలు బాగా తక్కువ ఉన్నాయన్నారు, వేటగాళ్ళు కాదు చాలా ఉన్నాయన్నారు, మళ్ళీ లెక్కపెడితే వేటగాళ్ళ మాటే నిజమైంది, కాబట్టి స్థానికుల మాట వినాలి. ఇది అబద్ధం కాదు. కానీ సగం కథే. ప్రపంచంలో స్థానికులు కరెక్టుగా చెప్పినవి ఎన్నో ఉన్నాయి, వాటిలో ఎన్ని పాలసీ దాకా వెళ్ళాయో చూస్తే చాలా తక్కువ. మరి ఇది ఎలా వెళ్ళింది అన్నది అసలు ప్రశ్న, దాని జవాబులో పెట్రోలు వాసన వస్తుంది.

ముందు తిమింగలం సంగతి. బోహెడ్ అంటే పూర్తిగా ఆర్కిటిక్ జీవి, పెద్దది 60 టన్నుల దాకా ఉంటుంది, వీపు మీద రెక్క ఉండదు, మంచు కింద ఈదడానికి అదే సౌకర్యం. తల ఎంత గట్టిదంటే అరమీటరు మందం మంచుని కూడా కిందనుంచి గుద్ది పైకి లేపి ఆ సందులో ఊపిరి తీసుకుంటుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి. చలికాలం బేరింగ్ సముద్రంలో గడిపి, ఏప్రిల్ మే నెలల్లో మంచు పగుళ్ళ వెంట ఉత్తరానికి బయల్దేరి, అలాస్కా కొసన ఉన్న బారో ఊరి ముందు నుంచి దాటి కెనడా వైపు వెళ్తుంది. బారో పేరు 2016లో ఊరివాళ్ళు ఓటేసి పాత ఇనుపియాట్ పేరు ఉత్కియాగ్విక్‌కి మార్చుకున్నారు. అక్కడికి బయట్నుంచి రోడ్డు లేదు, చలికాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడు కనపడడు, దుకాణంలో ఏ సరుకైనా విమానంలోనో, ఎండాకాలం వచ్చే బార్జిలోనో రావాలి కాబట్టి ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అలాంటి చోట ఒక తిమింగలం దొరికితే ఊరంతటికీ కొన్ని నెలల మాంసం, కొవ్వు, తోలూ కొవ్వూ కలిపి తినే మక్తక్. దాన్ని పంచుకోవాలి, అమ్మకూడదు. జూన్‌లో నలుకతాక్ అనే పండగ చేసి, ఆ ఏడాది తిమింగలం దొరికిన కెప్టెన్ల కుటుంబాలు ఊరందరికీ భోజనం పెడతాయి.

మరి తిమింగలాలు తగ్గింది ఎవరివల్ల? 1848లో థామస్ రాయ్స్ అనే అమెరికన్ కెప్టెన్ తన ఓడని బేరింగ్ జలసంధి దాటించి ఉత్తరానికి తీసుకెళ్ళాడు, అక్కడ నిదానంగా ఈదే, చస్తే నీళ్ళ మీద తేలే, కొవ్వు బాగా ఉన్న తిమింగలాలు కుప్పలుగా కనిపించాయి, ఇంకేముంది, తర్వాతి కొన్నేళ్ళలోనే వందల ఓడలు ఎగబడ్డాయి. కొవ్వు దీపాల నూనెకి, నోట్లో ఉండే పొడుగాటి బలీన్ పట్టీలు ఆడవాళ్ళ కార్సెట్లకి, గొడుగు పుల్లలకి. స్టీలు స్ప్రింగులొచ్చి 20వ శతాబ్దం మొదట్లో బలీన్ ధర పడిపోయే దాకా ఆ వ్యాపారం సాగింది, అప్పటికి వేలకి వేల తిమింగలాలు పోయాయి. ఆ తర్వాత ఆరేడు దశాబ్దాలు తీరంలో ఊళ్ళ వాళ్ళు తప్ప వాటి జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. కాబట్టి 1977లో బిల్లు కట్టమని అడిగింది భోజనం చేసినవాడిని కాదు, పక్క బల్ల మీద కూర్చున్నవాడిని.

అలాగని వేటగాళ్ళ వైపు తప్పే లేదని కూడా చెప్పలేం. 1968లో అలాస్కా ఉత్తర తీరంలోని ప్రూడో బేలో చమురు బయటపడింది, 1971లో అలాస్కా నేటివ్ క్లెయిమ్స్ చట్టం వచ్చి భూమి హక్కుల సెటిల్‌మెంట్ జరిగింది, పైప్‌లైన్ పనుల్లో మంచి జీతాలు దొరికాయి. జేబులో డబ్బులున్న కుర్రాళ్ళు సొంతంగా పడవ, గన్ను, సామాను కొనుక్కుని కొత్త జట్లు కట్టారు. పూర్వం కెప్టెన్ అవ్వాలంటే ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళ పడవలో పనిచేయాలి, ఇప్పుడు చెక్కు చాలు. ఫలితం, తిమింగలానికి గాయం తగిలి మంచు కిందకి పోయి చచ్చేవి బాగా పెరిగాయి. 1977లో ఒడ్డుకు లాగినవి 29 అయితే, దెబ్బ తిని చేజారినవి దానికి రెండింతల పైనే. తిమింగలాలు రెండు వేల లోపే ఉన్నాయని నమ్మే సైంటిస్టు ఈ అంకె చూస్తే కంగారు పడడా? పడతాడు. వాళ్ళేమీ విలన్లు కాదు.

అమెరికా ప్రభుత్వం పరిస్థితి ఇంకా ఇరకాటం. అప్పట్లో ప్రపంచమంతా తిమింగలాల్ని కాపాడాలని ముందుండి గొడవ చేస్తున్నది వాళ్ళే, జపాన్ మీద, సోవియట్ మీద ఒత్తిడి తెస్తున్నదీ వాళ్ళే. తీరా మా దేశంలో వేటకి మాత్రం మినహాయింపు ఇవ్వండి అంటే పరువేముంటుంది? అందుకే కమిషన్ నిర్ణయానికి అధికారికంగా అభ్యంతరం చెప్పే హక్కు ఉన్నా విదేశాంగ శాఖ వాడలేదు. జేకబ్ ఆడమ్స్ అనే వేల్ కెప్టెన్ పేరుతో విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్ మీద కేసు వేశారు, కింది కోర్టు అభ్యంతరం చెప్పమని ప్రభుత్వాన్ని ఆదేశించింది కూడా, కానీ అప్పీల్ కోర్టు విదేశీ వ్యవహారాల్లో మేం వేలు పెట్టం అని దాన్ని కొట్టేసింది. కోర్టు దారి అక్కడితో మూసుకుపోయింది. అదే ఏడాది తీరపు ఊళ్ళ కెప్టెన్లంతా కలిసి అలాస్కా ఎస్కిమో వేలింగ్ కమిషన్ పెట్టుకున్నారు, డిసెంబర్‌లో టోక్యోలో ఇంటర్నేషనల్ కమిషన్ స్పెషల్ మీటింగ్ జరిగింది, అక్కడ సున్నాని కాస్త సడలించి 1978కి 12 తిమింగలాలు ఒడ్డుకు, లేదా 18 దెబ్బలు, ఏది ముందయితే అది అన్నారు. దెబ్బలు కూడా లెక్కలోకి రావడం ముఖ్యమైన సంగతి, ఎందుకంటే గాయపరిచి వదిలేసినా నీ కోటా అయిపోతుంది, కాబట్టి చేతకాని జట్టుని పక్క జట్లే ఊరుకోవు.

ఇక లెక్క దగ్గరికొద్దాం. అప్పటిదాకా లెక్క ఎలా పెట్టేవాళ్ళంటే, ఒడ్డుకి అతుక్కున్న మంచు చివర, గాలి ఒత్తిడికి మంచు పలకలు గుట్టలా లేచిన చోటు ఒకటి చూసుకుని, దాని మీద మచాన్ లాంటిది కట్టి, ఇద్దరు ముగ్గురు షిఫ్టుల వారీగా నిలబడతారు. ఎదురుగా మంచు పగిలి తెరుచుకున్న నల్లటి నీటి చాలు, దాంట్లోంచి తిమింగలం ఊపిరి వదిలితే ఆవిరి లేస్తుంది, చూడగానే టైము, దిక్కు, దూరం రాసుకోవాలి, సర్వే వాళ్ళు వాడే థియోడొలైట్ పెట్టి అది ఎక్కడుందో కొలవాలి, ముందు కనిపించిందే మళ్ళీ లేచిందా, కొత్తదా తేల్చుకోవాలి. రాత్రీ పగలూ చేయాలి, ఆ కాలంలో అక్కడ పూర్తిగా చీకటి పడదు కూడా. మంచు విరిగిపోయే సూచన కనపడితే సామాను మొత్తం స్లెడ్డుల మీద పడేసుకుని ఒడ్డు వైపు పరుగు. వెనక ధ్రువపు ఎలుగుబంటి వస్తుందేమో చూసుకోవడానికి తుపాకీ. నీటి చాలు మూసుకుపోతే లెక్క ఆపేసేవాళ్ళు, ఎందుకంటే నీళ్ళు లేనిచోట తిమింగలాలు దాటవు కదా అని.

ఆ ఊహ దగ్గరే వచ్చింది తిరకాసు. హ్యారీ బ్రోవర్ సీనియర్ అని బారోలో పేరున్న కెప్టెన్, ఆయన తండ్రి చార్లెస్ బ్రోవర్ ఆ అమెరికన్ తిమింగల వ్యాపారంలోనే వచ్చి అక్కడ స్థిరపడ్డవాడు, అదో విచిత్రం. ఊళ్ళో నేవీ వాళ్ళ ఆర్కిటిక్ ల్యాబ్‌లో పనిచేసినవాడు కాబట్టి హ్యారీకి సైంటిస్టులతో మాట్లాడటం అలవాటే. ఆయనా మిగతా పెద్దలూ చెప్పింది మూడు ముక్కలు. ఒకటి, మీరు చూసేది ఒడ్డు దగ్గరి చాలులో వెళ్ళేవాటినే, చాలా దూరంగా, మచాన్ మీంచి కనపడనంత దూరంగా మంచు మధ్యలో కూడా వెళ్తాయి. రెండు, చాలు మూసుకుపోయినా అవి ఆగవు, మంచు కిందనుంచి పోతాయి, తలతో గుద్ది బొక్క చేసుకుని ఊపిరి పీలుస్తాయి. మూడు, సీజన్లో ఏ టైములో ఏ రకం వస్తాయో దానికి ఒక వరస ఉంది. టామ్ ఆల్బర్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఇవన్నీ విని, తలూపి వెళ్ళిపోకుండా, సరే వీటిని ఎలా పరీక్షించాలి అని కూర్చున్నాడు. ఆయన గొప్పతనం అదే.

పరీక్ష ఏంటంటే చెవులు. బోహెడ్లు వలస వెళ్తూ రకరకాలుగా కూస్తాయి, కాబట్టి మంచు అంచు వెంబడి నీళ్ళలోకి హైడ్రోఫోన్లు వరసగా దించి, ఒక కూత ఒక్కో మైక్‌కి ఎన్ని క్షణాల తేడాతో చేరిందో చూస్తే కూసింది ఎక్కడుందో తేలుతుంది. 1980లలో ఇలా వింటే ఏం బయటపడిందంటే, చాలు మూసుకుపోయి మచాన్ మీద మనుషులు ఖాళీగా కూర్చున్న రోజుల్లో కూడా కింద తిమింగలాలు వరసపెట్టి పోతూనే ఉన్నాయి, కంటికి అందని దూరంలో కూడా పోతున్నాయి. దీంతోపాటు విమాన సర్వేలు, ఆ రెండింటినీ కలిపే స్టాటిస్టిక్స్ వచ్చాయి. అంచనా 1978లో రెండు వేల చిల్లర, 1980ల చివరి సర్వేల నాటికి ఏడెనిమిది వేలు, 2001లో పదివేలు దాటింది, 2011లో దాదాపు 17 వేలు. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి, మొదట్లో పెరిగింది తిమింగలాలు కాదు, లెక్కపెట్టే పద్ధతి. ఆ తర్వాత నిజంగానే ఏడాదికి మూడు శాతం పైన పెరుగుతూ వచ్చాయి. ఈ రెంటినీ కలిపేసి వేటాడుతున్నా పదిరెట్లయ్యాయి అని రాసేవాళ్ళున్నారు, అది నమ్మకండి.

లెక్క ఇప్పటికీ సులువైపోలేదు. 2019లో మంచు మీంచి లెక్కిస్తే 12,500 చిల్లర వచ్చింది, అదే ఏడాది విమానం నుంచి లెక్కిస్తే 17 వేలు దాటింది. ఏది రైటు? ఆ ఏడాది తిమింగలాలు ఒడ్డుకి మామూలు కంటే దూరంగా వెళ్ళాయి, మోటారు పడవల అలికిడి కూడా ఉంది, కాబట్టి మచాన్ లెక్క తక్కువ చూపిందని విశ్లేషించారు. నలభై ఏళ్ళ కింద ఇదే జరిగి ఉంటే తక్కువ అంకెనే పట్టుకుని కోటా కోసేవాళ్ళు, ఇప్పుడు ఎందుకు తక్కువొచ్చిందో అడిగే మనుషులు అక్కడ ఉన్నారు. తేడా అంతే.

ఆ మనుషులకి జీతం ఎవరిస్తున్నారు? ఇదే నేను చెప్పాలనుకున్న ముక్క. 1972లో ఇనుపియాట్ నాయకులు ఉత్తర అలాస్కా మొత్తాన్ని కలిపి నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వం పెట్టుకున్నారు, మొదటి మేయర్ ఈబెన్ హాప్సన్. బారో అంటే ఊరు, బరో అంటే ఈ ప్రభుత్వం, రెండూ వేరు. మన జిల్లా పరిషత్ లాంటిది అనుకోవచ్చు గానీ సైజు చూస్తే రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి కాస్త తక్కువ, జనాభా మాత్రం ఇవాళ్టికీ 11 వేల దగ్గరే. ఇంత చిన్న జనం అంత పెద్ద నేల ఎందుకు కలుపుకున్నారంటే ప్రూడో బే చమురు క్షేత్రం లోపలికి రావాలి కాబట్టి, వస్తే ఆ కంపెనీల ఆస్తుల మీద పన్ను వేయొచ్చు కాబట్టి. చమురు కంపెనీలు ఊరుకుంటాయా, కోర్టుకెళ్ళాయి, ఓడిపోయాయి. ఆ పన్ను డబ్బుతో బడులు, ఆసుపత్రి సేవలు, నీళ్ళు వచ్చాయి, వాటితోపాటు ఒక వన్యప్రాణి విభాగం వచ్చింది. ఫెడరల్ సైంటిస్టుల దగ్గరనుంచి 1980ల మొదట్లో తిమింగలాల లెక్క చేతిలోకి తీసుకున్నది ఈ విభాగమే. టామ్ ఆల్బర్ట్ ఇక్కడే పనిచేశాడు, దశాబ్దాల పాటు మచాన్లు కట్టించి లెక్కలు నడిపించిన క్రెయిగ్ జార్జ్ ఇక్కడివాడే. హైడ్రోఫోన్లకి, విమానాలకి, కార్నెల్ లాంటి యూనివర్సిటీల నిపుణులకి, స్టాటిస్టిక్స్ వాళ్ళకి డబ్బు కట్టి, ఆ పేపర్లు పట్టుకుని ఏటా కమిషన్ సైంటిఫిక్ కమిటీ ముందు కూర్చోగలిగారు. పెద్దాయన మాట మంచిదే, కానీ ఆ మాటని కమిటీ ఒప్పుకునే భాషలోకి మార్చడానికి కోట్లు కావాలి, అవి వీళ్ళ దగ్గర ఉన్నాయి.

1981లో అమెరికా ప్రభుత్వానికి, ఆ కెప్టెన్ల కమిషన్‌కి మధ్య ఒప్పందం కుదిరింది, కోటా ఊళ్ళ మధ్య పంచడం, వేటని చూసుకోవడం, ఎవరైనా తప్పు చేస్తే శిక్షించడం అంతా కెప్టెన్లే. ఇవాళ 11 ఊళ్ళు ఇందులో ఉన్నాయి. నల్ల మందు బాంబుల బదులు నార్వే వాళ్ళ పెంత్రైట్ గ్రెనేడ్లు తెచ్చి ట్రైనింగ్ ఇచ్చారు, తిమింగలం త్వరగా చావడం, చేజారకుండా ఉండటం రెండూ మెరుగయ్యాయి, 1970లలో సగం కూడా ఒడ్డుకు రానివి ఇప్పుడు నాలుగింట మూడొంతులు వస్తున్నాయి. ఇంకో లాభం ఎవరూ ఊహించనిది. పట్టిన తిమింగలాల్ని కోసేటప్పుడు సైంటిస్టుల్ని పక్కన ఉండనిస్తారు, అలా కోస్తుంటే తోలులో రాతి బాణం మొనలు దొరికాయి, ఆ రకం మొనలు వాడి వందేళ్ళు దాటింది. ఆ తర్వాత కంటి లెన్సుల్లో ప్రోటీన్ మార్పులు కొలిస్తే ఒకదాని వయసు 200 ఏళ్ళు దాటిందని 1999లో అంచనా వేశారు. అమెరికన్ వేట ఓడలు రాకముందు పుట్టిన జంతువు!

కోటా వ్యవస్థలో నాకు నచ్చని ముక్క కూడా ఉంది. ఎన్ని కావాలో ఊళ్ళు నిరూపించుకోవాలి. పూర్వం తలకి ఎన్ని దొరికేవో చరిత్ర తవ్వి, ఇప్పటి జనాభాతో గుణించి, ఇదిగో మా అవసరం ఇంత అని రిపోర్టు ఇవ్వాలి. 1980ల చివర్లో అలా తేలిన అంకె ఏడాదికి 41. తమ పండగకి ఎంత మాంసం కావాలో ప్రపంచానికి లెక్కచెప్పుకోవడం ఎవరికైనా చిన్నతనమే. పైగా లెక్క చెప్పినా గ్యారెంటీ లేదు. 2002లో జపాన్‌లోని షిమొనొసెకీలో మీటింగ్ జరిగినప్పుడు జపాన్ తన తీరపు వేటకి కోటా దక్కలేదన్న కోపంతో తన వైపు దేశాల్ని కూడగట్టి ఈ బోహెడ్ కోటాని ఓడించింది. తిమింగలాల సంఖ్యలో సమస్య లేదు, సైన్సులో సమస్య లేదు, అంతా వాళ్ళ వాళ్ళ రాజకీయం, మధ్యలో నలిగింది అలాస్కా ఊళ్ళు. అక్టోబర్లో మళ్ళీ స్పెషల్ మీటింగ్ పెట్టి పాస్ చేయించారు. 2018లో బ్రెజిల్ మీటింగ్‌లో, సంఖ్య బాగుండి షరతులు పాటిస్తుంటే కోటా దానంతటదే రెన్యూ అయ్యేలా మార్చుకున్నాక గానీ ఆ భయం తగ్గలేదు. ఆ కోటా 2019 నుంచి 2025 దాకా ఏడేళ్ళకి కలిపి 392, అందులోంచే రష్యా వైపు చుకోట్కా వాళ్ళకీ కొన్ని. అన్నట్టు ఆ కమిషన్‌లో 1981 నుంచి ఇండియా కూడా మెంబరే, అంటే అక్కడ మనకీ ఒక ఓటుంది.

ఇప్పుడు చమురు రెండో వైపు. సముద్రం అడుగున చమురు ఎక్కడుందో తెలుసుకోడానికి ఓడ వెనక ఎయిర్‌గన్లు పెట్టి పేలుస్తూ పోతారు, సీస్మిక్ సర్వే అంటారు. ఆ చప్పుడికి తిమింగలాలు ఎంతో దూరం నుంచే దారి మళ్ళుతున్నాయని, వాటి వెనక పడవల్లో ప్రమాదకరమైన దూరం పోవాల్సొస్తోందని వేటగాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 1980ల ప్రయోగాల్లో ఏడెనిమిది కిలోమీటర్ల లోపలే తప్పుకుంటున్నాయని తేలింది కాబట్టి మీది అతిశయోక్తి అన్నారు. 1997లో బారోలో వర్క్‌షాప్ పెడితే కెప్టెన్లు 30 మైళ్ళ దాకా అని లెక్క చెప్పారు. 1990ల చివర్లో శరదృతువు వలస టైములో, అంటే వేటగాళ్ళు చెప్పిన టైములోనే, సరిగ్గా కొలిస్తే 20 కిలోమీటర్ల లోపలికి దాదాపు రావట్లేదు, 35 కిలోమీటర్ల దూరం నుంచే మళ్ళడం మొదలవుతోంది. పాత ప్రయోగాలు తప్పని కాదు, అవి ఎక్కువగా మేత మేస్తున్న తిమింగలాల మీదో, వేరే పరిస్థితిలోనో చేసినవి. తిండి దగ్గరున్న జంతువు చప్పుడు ఓర్చుకుంటుంది, ప్రయాణంలో ఉన్నది ఓర్చుకోదు. ఇప్పుడు చమురు కంపెనీలు వేట సీజన్లో ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నది కెప్టెన్ల కమిషన్‌తో ఏటా ఒప్పందం చేసుకునే పద్ధతి ఉంది, దాని వెనక చట్టం బలం కూడా ఉంది, సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వేట మీద ప్రభావం పడకుండా చూస్తేనే పర్మిట్.

అంటే ఏంటి, చమురు పన్నుతో నడిచే సైన్సు చమురు సర్వేలకి అడ్డుకట్ట వేసింది. దీన్ని వైరుధ్యం అని బయటివాళ్ళు అంటారు, అక్కడివాళ్ళకి ఇది రోజువారీ బతుకు. నేల మీద డ్రిల్లింగ్‌కి బరో ప్రభుత్వం సాధారణంగా సరే అంటుంది, సముద్రంలో అంటే జంకుతుంది. 2023 మార్చిలో బైడెన్ ప్రభుత్వం నేల మీద చమురు తవ్వే విల్లో ప్రాజెక్టుకి ఓకే చెప్పినప్పుడు బరో వాళ్ళు, ఆ ప్రాంతపు మూలవాసుల సొంత కంపెనీ అయిన నేటివ్ కార్పొరేషన్ వాళ్ళు మద్దతిచ్చారు, డ్రిల్లింగ్‌కి అందరికంటే దగ్గరగా ఉన్న నుయిక్సుట్ ఊరి మేయర్ మాత్రం క్యారిబూ జింకలు పోతాయి, గాలి పాడవుతుంది, వద్దని పోరాడారు. ఇద్దరూ ఇనుపియాట్లే. "ఆదివాసీల అభిప్రాయం" అని ఒకే ముక్కలో రాసే రిపోర్టు దేన్ని చూసినా నాకు అనుమానం వచ్చేది ఇందుకే.

సరే, ఈ డబ్బు లేని చోట ఏమవుతుంది? దక్షిణానికి పోతే యూకాన్ నది, 3,000 కిలోమీటర్లు దాటి ప్రవహిస్తుంది, కింద యుపిక్ అనే మూలవాసుల ఊళ్ళు, పైన అథబాస్కన్ అనే మూలవాసుల ఊళ్ళు, అందరికీ సాల్మన్ చేపే తిండి. ఎండాకాలం నది ఒడ్డున ఫిష్ క్యాంపు పెట్టుకుని, చేపలు కోసి పట్టీలుగా వేలాడదీసి పొగబెట్టి చలికాలానికి దాచుకోవడం, పిల్లలకి ముసలివాళ్ళు పని నేర్పేది అక్కడే. చినూక్ రకం ఏళ్ళుగా తగ్గుతూ వచ్చింది, 2021లో చమ్ రకం కూడా కుప్పకూలింది, తిండి కోసం పట్టుకోవడం కూడా ఆపేశారు. 2024 ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా కలిసి యూకాన్ చినూక్ వేటని ఏడేళ్ళు ఆపాలని ఒప్పందం రాసుకున్నాయి.

ఊళ్ళ వాళ్ళు అడిగేది సింపుల్: మేం నదిలో ఒక్క చేప పట్టకూడదు, మరి అదే టైములో బేరింగ్ సముద్రంలో పొలాక్ చేపల కోసం తిరిగే పెద్ద ట్రాలర్ల వలల్లో సాల్మన్లు పడుతున్నాయి కదా? 2021లో అలా పడ్డ చమ్‌లు ఐదు లక్షలు దాటాయి. కంపెనీల జవాబు కూడా వినాలి, జన్యు పరీక్షల్లో వాటిలో ఎక్కువ భాగం ఆసియా హేచరీల నుంచి సముద్రంలోకి వదిలినవని, పశ్చిమ అలాస్కా నదులవి చిన్న భాగమేనని తేలింది. సముద్రం వేడెక్కడం పెద్ద కారణమని సైంటిస్టులు అంటున్నారు, అందులో నిజముంది. కానీ చిన్న భాగం కూడా పదుల వేల చేపలు, ఖాళీగా ఉన్న నదికి అది చిన్నది కాదు అని ఊళ్ళు అంటాయి, అందులోనూ నిజముంది. బోహెడ్ విషయంలో ఇలాంటి వాదన వస్తే బరో సొంత సైంటిస్టుల్ని పెట్టి తేల్చుకుంది. ఇక్కడ ఊళ్ళకి పన్ను వేయడానికి చమురు బావి లేదు. గిరిజన సంఘాలు కలిసి ఫిష్ కమిషన్లు పెట్టుకున్నాయి, వాళ్ళ సర్వేలు కొన్ని బాగా జరుగుతున్నాయి, గ్రాంటు వచ్చిన ఏడాది మనుషులుంటారు, రాని ఏడాది ఉండరు. ట్రాలర్ల రూల్స్ రాసే నార్త్ పసిఫిక్ ఫిషరీ కౌన్సిల్లో ఓటున్న సభ్యులు 11 మంది, గిరిజనులకంటూ రిజర్వు చేసిన సీటు ఒక్కటీ లేదు.

చట్టం కూడా వేరే. తిమింగలం అయితే 1972 నాటి సముద్ర క్షీరదాల చట్టంలో అలాస్కా నేటివ్‌లకి నేరుగా మినహాయింపు ఉంది. చేప దగ్గరికొస్తే అలా లేదు, ఎందుకంటే 1971 సెటిల్‌మెంట్ చట్టం భూమి, డబ్బు ఇస్తూ పాత వేట, చేపల హక్కుల్ని రద్దు చేసింది. 1980లో ఇంకో చట్టం తెచ్చి లోటు పూడుద్దామనుకున్నారు, కానీ రాష్ట్రం ఒప్పుకోవాలని నేటివ్ అనే మాట తీసేసి గ్రామీణ నివాసి అని పెట్టారు. 1989లో అలాస్కా సుప్రీంకోర్టు గ్రామాలకి ముందు హక్కు అనేది మా రాజ్యాంగానికి విరుద్ధం అంది. అప్పట్నుంచి ఫెడరల్ భూముల్లోని నీళ్ళలో ఫెడరల్ రూలు, మిగతా చోట్ల రాష్ట్రం రూలు, ఒకే నదిలో వంపు తిరిగితే ఆఫీసు మారుతుంది, ఏ వారం ఎవరి నోటీసు చెల్లుతుందో చూసుకుని వల వేయాలి. ఉద్యోగం కోసం ఊరొదిలి యాంకరేజ్ సిటీకి మారిన యుపిక్ మనిషి గ్రామీణ నివాసి కాదు కాబట్టి ఎండాకాలం అమ్మ దగ్గరికొచ్చి ఆ హక్కు కింద చేప పట్టలేడు, పక్కింట్లో నిన్నగాక మొన్న దిగిన టీచరు ఏడాదిపాటు అక్కడే ఉంటే పట్టొచ్చు. తీరపు ఊళ్ళో అయితే ఒకే మనిషి పొద్దున సీల్ వేటకి పోతే నేటివ్, సాయంత్రం చేపల వల వేస్తే గ్రామీణుడు.

మన దేశం కూడా ఆర్కిటిక్ మీద 2022 మార్చిలో ఒక పాలసీ విడుదల చేసింది, 2013 నుంచి ఆర్కిటిక్ కౌన్సిల్లో పరిశీలక హోదా ఉంది, 2008 నుంచి నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి అనే స్టేషన్ నడుస్తోంది. అక్కడ హిమానీనదాలు, వాతావరణం, వర్షాకాలంతో సంబంధం మీద పని జరుగుతోంది, మంచి పనే. కాకపోతే స్వాల్‌బార్డ్‌లో మూలవాసులంటూ ఎవరూ లేరు, మా ముందు నుంచి వెళ్ళేవి మీకు కనపడట్లేదు సార్ అని చెప్పే హ్యారీ బ్రోవర్ అక్కడ దొరకడు. ఆర్కిటిక్ కౌన్సిల్లో మాత్రం ఆరు మూలవాసీ సంఘాలకి శాశ్వత భాగస్వామి హోదా ఉంది, బల్ల దగ్గర ఎనిమిది దేశాల పక్కనే కూర్చుంటారు. వాటిలో ఒకటైన ఇన్యూట్ సర్కంపోలార్ కౌన్సిల్‌కి పునాది పడ్డ మొదటి సభ జరిగింది బారోలోనే, పిలిచింది ఈబెన్ హాప్సనే, నెల 1977 జూన్. పరిశీలకుల్ని కూర్చోబెట్టేది గది అంచున కుర్చీల్లో, ఇండియా కుర్చీ అక్కడుంది.